బోణీ చెయ్యి

కాగితాల మీద ఆ యంత్రం పేరు ‘నిలకడ’. ఆ పేరు కోసం దాన్ని కనిపెట్టిన హైమావతి నిఘంటువులు తిరగేసి, నలుగురినీ అడిగి, చివరికి తనే తేల్చుకుంది. ఏం లాభం? భీమిలి అవతల కట్టిన కొత్త రేవులో దాన్ని ఆ పేరుతో పిలిచిన మనిషి ఒక్కడూ లేడు. అందరికీ అది గేదెల ఆట. డ్యూటీకి వచ్చిన క్రేను డ్రైవర్లు, లారీ డ్రైవర్లు గేటు దగ్గర వరసలో నిలబడి, ఒక్కొక్కరే చిన్న గదిలోకి వెళ్ళి, తెర ముందు కూర్చుని ఆటో నడపాలి. సందులో గేదెలు అడ్డం వస్తాయి. అరటిపళ్ళ బండి వస్తుంది. బడిపిల్లలు రోడ్డు దాటతారు. వీటిని తప్పించుకుంటూ పోవాలి, మధ్యలో ఎక్కడైనా ఎర్ర గొడుగు కనిపిస్తే కాలికింది మీట నొక్కాలి. బాగా ఆడితే గేటు తెరుచుకుంటుందని మొదట్లో అందరూ అనుకున్నారు. నిజానికి ఎలా ఆడినా ఫరవాలేదు, ఎప్పుడూ ఆడినట్టే ఆడాలి.

కిటుకంతా అక్కడే ఉంది. పెద్దవయసు డ్రైవరునూ, నిన్నగాక మొన్న చేరిన కుర్రాణ్ణీ ఒకే కొలతతో కొలిస్తే, పెద్దాయన రోజూ తాగినవాడి కిందే లెక్క. అందుకని హైమావతి ప్రతి మనిషికీ వాడి సొంత చేతినే కొలతగా పెట్టింది. మందూ మత్తూ లేనిరోజున ఒకసారి ఆడిస్తే ఆ చేతి నడకను యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఎక్కడ తొందరపడతాడు, ఎక్కడ తటపటాయిస్తాడు, గేదె కంటబడ్డాక ఎంతసేపటికి చెయ్యి కదులుతుంది, అన్నీ. తరవాత ఏ ఉదయమైనా ఆ చెయ్యి ఆ చెయ్యిలా లేకపోతే గేటు తెరుచుకోదు. గొట్టంలో ఊదక్కర్లేదు, రక్తం ఇవ్వక్కర్లేదు.

చెప్పడానికి ఇంత సులువు. చెయ్యడానికి మాత్రం ఆవిడ తల ప్రాణం తోకకు వచ్చింది. తండ్రి తాగి తాగి పోయిన ఇంట్లో పుట్టి, మందు వాసనే గిట్టని మనిషి, ఏళ్ళ తరబడి కుర్రాళ్ళకు తన చేత్తోనే గ్లాసుల్లో పోసి ఇచ్చింది. కొందరికి మందు, కొందరికి ప్రభుత్వం సీలు వేసి పంపిన గంజాయి, కొందరికి రెండూ, కొందరికి వాసన మాత్రమే ఉన్న ఉత్త నీళ్ళు. తరవాత వాళ్ళందరినీ తెర ముందు కూర్చోబెట్టి గేదెల మీదికి తోలడం, పక్కన కూర్చుని చూడడం. చూసిచూసి ఆవిడకు యంత్రం కంటే ముందే తెలిసిపోయేది. మందు తాగినవాడి చెయ్యి ఆలస్యంగా లేస్తుంది, లేచాక తెగించి అవసరానికి మించి తిప్పేస్తుంది. గంజాయి తాగినవాడు తెగించడు. వాడి లెక్కన కాలం సాగుతూ ఉంటుంది, గేదె ఇంకా ఎక్కడో దూరంగా ఉన్నట్టే ఉంటుంది, తీరిగ్గా వెళ్ళి గుద్దుతాడు. రెండూ కలిపినవాడి సంగతి చూడలేక ఆవిడ తల తిప్పుకునేది. ఇమ్మానుయేలని ఒక విద్యార్థి ఉండేవాడు. గంజాయి రోజున ఆట ముగించి, ఇవాళ చింపేశాను మేడమ్ అని నిజంగానే సంతోషపడేవాడు. ఎర్ర గొడుగులు సగానికి సగం వదిలేశాడని చూపిస్తే, అసలు గొడుగులే రాలేదని వాదించేవాడు. మామూలు మనిషి గొడుగును వదిలేస్తే, ఒక క్షణం ఆగి, అయ్యో అనుకుని ఆలస్యంగానైనా మీట నొక్కుతాడు. మత్తులో ఉన్నవాడికి అది వచ్చినట్టే తెలియదు. హైమావతికి దొరికిన అసలు రహస్యం ఈ ముక్కే.

అంత చదువుకున్న మనిషికి ఒక పిచ్చి ఉంది. ఏ పని మొదలుపెట్టినా మంచి చెయ్యితో బోణీ కావాలి. వాళ్ళమ్మ చేపలు అమ్మే రోజుల్లో, పొద్దున్నే చంటిపిల్లాడు పైడిరాజు చేతిలో నాణెం పెట్టి తీసుకునేది. వాడి చెయ్యి మంచిదని పేటంతా అనేవారు. ఆ పైడిరాజు హైమావతి తమ్ముడు. అమ్మ పోయాక ఆవిడే పెంచింది. పెరిగి పెద్దవాడై రేవులో క్రేను డ్రైవరయ్యాడు, నూకరత్నాన్ని పెళ్ళి చేసుకుని తగరపువలసలో కాపురం పెట్టాడు, ఒక ఆడపిల్లకు తండ్రయ్యాడు. యంత్రాన్ని రేవు గేటులో దింపిన రోజున మొదటి చెయ్యి ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. నిబంధన ప్రకారం, కొలత ఇచ్చేవాణ్ణి రెండు రోజులు ప్రయోగశాల గదిలో ఉంచి, ఏమీ ముట్టలేదని చూసుకున్నాకే ఆడించాలి. ఆ నిబంధన రాసింది కూడా ఆవిడే. సొంత తమ్ముణ్ణి, అదీ మంచి ముహూర్తం చూసుకుని బోణీకి పిలిచి, ఖైదీలా గదిలో పెట్టడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఏమీ తాగలేదు కదా అని అడిగింది. లేదన్నాడు. ఆడించింది. కొలత తీసుకుని మళ్ళీ ఆడిస్తే గేటు తెరుచుకుంది, చప్పట్లు కొట్టారు. బోణీ అంత బాగా జరిగింది కదా అని, పని తొందరలో ఉన్న రేవు పెద్దలు తరవాతి వాళ్ళలో చాలామందిని కూడా ఆ రెండు రోజులూ ఉంచకుండానే కొలిపించేశారు. ఆవిడ వద్దనలేదు. తన ఇంటివాడికి సడలించి మిగతావాళ్ళ దగ్గర బిగిస్తే ఏం బాగుంటుంది?

రెండేళ్ళు గడిచాయి. పైడిరాజుకు కాళ్ళు వాచాయి, కళ్ళు పచ్చబడ్డాయి. డాక్టరు కాలేయం బొమ్మ తీసి చూపించి, ఇంకొక్క చుక్క పడితే నా దగ్గరికి రావద్దు, వచ్చినా నేను చేసేదేమీ ఉండదు అన్నాడు. తమ్ముడు తాగుతాడని హైమావతికి తెలియకపోలేదు. ఆదివారాలు, పండగలు, ఎవరైనా పోయినప్పుడు. అంతేనని అనుకుంది. రోజూ గేటు తెరుచుకుంటోంది కదా మరి. వాడు మానేశాడు. మొదటి వారం ఒళ్ళంతా చెమటలు, వణుకు, గోడ మీద పాములున్నాయని కేకలు. ఆసుపత్రిలో నూకరత్నం మంచం పట్టీ పట్టుకుని కూర్చుని మజ్జిగ తాగించి తాగించి మనిషిని నిలబెట్టింది. కాస్త తేరుకుని డ్యూటీకి వెళ్ళాడు.

గేటు తెరుచుకోలేదు.

మర్నాడూ తెరుచుకోలేదు. చెయ్యి మారింది, ఇంటికి వెళ్ళండి అని తెర మీద వచ్చింది. ఇలా వరసగా పోతే క్రేను మీంచి దించేసి యార్డులో ఊడ్చే పనికి వేస్తారు, ఆ తరవాత అదీ ఉండదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు గుసగుసలు పోయారు. పాపం, అక్క మిషనే పట్టేసిందిరా అన్నారు.

పైడిరాజు సరాసరి ప్రయోగశాలకు వచ్చాడు. ఆవిడ అప్పుడు ఇద్దరు కుర్రాళ్ళకు గ్లాసులు కొలుస్తోంది. బయట వరండాలో నిలబెట్టి మాట్లాడింది. అసలే అలసిపోయి ఉంది. పైగా మర్నాడు రాజధాని నుంచి రవాణా శాఖవాళ్ళు వస్తున్నారు, రాష్ట్రంలో బస్సు డిపోలన్నిటికీ ఈ యంత్రాన్ని పెట్టే మాట మీద. నా దగ్గర దాచకు అంది. గుంట మీద ఒట్టప్పా, తాగనేదు అన్నాడు వాడు. ఆ ఒట్టు విని ఆవిడకు ఒళ్ళు మండింది. నాన్న కూడా ఇలాగే ఒట్లు పెట్టేవాడంది. కన్నపిల్ల మీద అబద్ధపు ఒట్టు వేసేవాడు మనిషేనా అంది. అంతటితో ఆగినా బాగుండేది.

“నువ్వు అబద్ధం చెప్తావేమో గానీ నా యంత్రం చెప్పదురా” అంది.

వాడు తల దించుకున్నాడు. చేతులు జేబుల్లో దాచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం గేటు తెరుచుకుంది. ఆ కబురు ఫోనులో తెలిసి హైమావతికి ఏనుగెక్కినంత సంబరం అయింది. గట్టిగా నాలుగు తిడితే గానీ దారికి రాలేదు అనుకుంది. నూకరత్నానికి ఫోను చేసి, చూశావా, నిజంగా మానేసేసరికి యంత్రమే ఒప్పుకుంది అని చెప్పింది. అటునుంచి నూకరత్నం ఊఁ అంది గానీ సంతోషించినట్టు లేదు. ఆ సంగతి ఆవిడ పట్టించుకోలేదు. రవాణా శాఖవాళ్ళు అప్పటికే హాల్లో కూర్చున్నారు.

ప్రసంగం సగంలో ఉండగా ఆవిడకు ఆ ఆలోచన వచ్చింది. పేరు చెప్పను గానీ, తాగుడు మానిన ఒక కార్మికుడి చెయ్యి ఎలా దారికొచ్చిందో చూడండి అంటూ, గోడ మీది పెద్ద తెరకు ఎడమ పక్క రెండేళ్ళనాటి బోణీ ఆట, కుడి పక్క ఆ ఉదయపు ఆట పెట్టించింది. రెండు ఆటోలూ ఒకేసారి బయలుదేరాయి. ఒకే సందు, అవే గేదెలు. రెండు చేతులూ ఒకేలా కదులుతుంటే వచ్చినవాళ్ళు ఔరా అన్నారు. మలుపులో మూడు గేదెలు వచ్చాయి. రెండు ఆటోలూ ఒక్క క్షణం అలా వెళ్ళిపోయి, ఆలస్యంగా, తెగించి, అవసరానికి మించి తిరిగాయి. అరటిపళ్ళ బండి వెనక ఎర్ర గొడుగు విచ్చుకుంది. ఎడమ పక్క మీట కదల్లేదు. కుడి పక్కా కదల్లేదు. గొడుగు వెళ్ళిపోయింది. ఆ తరవాత కూడా, ఆలస్యంగానైనా, ఎవరూ నొక్కలేదు.

అది పైడిరాజు చెయ్యి కాదు. మందు చెయ్యి. వెయ్యిమందిలోనైనా పోల్చుకోగలదు ఆవిడ. ఇవాళ్టి ఆటలోనూ మందే, ఆనాటి బోణీలోనూ మందే.

ప్రసంగం ఎలా ముగించిందో ఆవిడకు తెలియదు. చప్పట్లు కొట్టారు, టీలు తాగారు, ఎవరో దండ వేశారు. వాళ్ళు కార్లెక్కాక తలుపు వేసుకుని, గేటు తెరుచుకోని రోజుల ఆటలన్నీ ముందేసుకుంది. వణుకుతున్న చెయ్యి, అదురుతున్న ఆటో. చూడడానికి సిగ్గుపడేలా ఉంది ఆట. కానీ గొడుగు వచ్చిన ప్రతిసారీ మీట పడింది. ఒక్కటి కూడా పోలేదు. ఆ రోజుల్లో వాడు నిజంగానే తాగలేదు. కన్నపిల్ల మీద వేసిన ఒట్టు నిజం. తను నాన్నను తెచ్చి వాడి ముఖాన కొట్టింది.

యంత్రానికి ప్రోగ్రాము రాసిన ఫయాజ్‌కు సంగతి చెప్పక తప్పలేదు. మంచి పిల్లాడు, నెమ్మదస్థుడు. అతను కాసేపు ఆలోచించి, దీనికింత బాధెందుకు మేడమ్, మీ తమ్ముడి పాత కొలత చెరిపేసి కొత్తది పెట్టేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు. ఆవిడకు ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో. సరే అనబోయింది కూడా. అంతలో ఇంకో ఆలోచన వచ్చి కాళ్ళకు చుట్టుకుంది. రెండు రోజులు గదిలో ఉంచకుండా కొలిచింది పైడిరాజు ఒక్కణ్ణేనా? ఆ రేవులో ఇంకెంతమంది కొలత తాగిన చేతిది? తాగొస్తే తెరుచుకుని, తాగకుండా వస్తే మూసుకునే గేట్లు ఎన్ని? రేపు బస్సులకు కూడా ఇదే.

ఆదివారం తగరపువలస వెళ్ళింది. పైడిరాజు అరుగు మీద కూర్చుని ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. చేతులు వణకడం లేదు. దగ్గరికి వెళ్ళకుండానే వాసన వచ్చింది. ఆవిడ వాడి పక్కన కూలబడింది. నువ్వు అబద్ధం ఆడలేదురా అని మొదలుపెట్టి, చూసినదంతా చెప్పింది. చెప్తూ ఉంటే ఏడుపొచ్చింది. నూకరత్నం గుమ్మంలోకి వచ్చి నిలబడి వింటోంది.

వాడు ఆశ్చర్యపోలేదు. పొద్దున్నే ఒక క్వార్టరు వేసుకుని వెళ్తే గేటు తెరుచుకుంటుందని వాడికి ముందే అర్థమైపోయింది. వణుకుతో, దిగులుతో, ఏదైతే అదయిందని ఆ ఉదయం తాగి వెళ్ళాడు, తెరుచుకుంది. అప్పటినుంచి రోజూ అదే. ఎందుకని మాత్రం వాడు అడగలేదు. అక్క మిషను కదా, దాని లెక్కేదో దానికి ఉంటుందనుకున్నాడు.

“బోణీ రోజున ఎందుకు తాగావురా? అడిగాను కదా నిన్ను” అంది హైమావతి.

పైడిరాజు రెక్క పక్కన పెట్టాడు. “బయమేసిందప్పా. అంతమంది పెద్దోళ్ళు, నీ ఇన్నేళ్ళ పని. నా సెయ్యి వనికితే నీ పరువేటవుతాది? దైర్నానికి తాగినాను. తాగితేనే నా సెయ్యి తిన్నంగుంటాదని నీకెలగ సెప్పను?”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈ సంగతి నేను పైవాళ్ళకు చెప్పెయ్యాలి అంది. చెప్తే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పింది. రెండేళ్ళు తాగి క్రేను నడిపాడని తేలుతుంది. ఉద్యోగం పోతుంది, మళ్ళీ ఏ రేవూ తీసుకోదు.

“సెప్పకపోతే?” అన్నాడు వాడు.

“రోజూ పొద్దున్నే తాగాలి. నువ్వు పోతావు.”

గుమ్మంలోంచి నూకరత్నం అప్పుడు మాట్లాడింది. “మీ బోణీలకి నా మొగుడే దొరికాడేటొదినా?” అంది. అరవలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పైడిరాజు మళ్ళీ ఫ్యాను రెక్క అందుకున్నాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ బస్సెక్కి వచ్చేసింది.

సోమవారం రేవు కమిటీ ముందు హైమావతి అంతా చెప్పింది. తన నిబంధన, తన సడలింపు, తన తమ్ముడు, ఏదీ మిగల్చలేదు. పెద్దలు మొదట నమ్మలేదు, తరవాత కోప్పడ్డారు, ఆ తరవాత ఈ మాట బయటికి పోకుండా చూద్దామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. రేవులో అందరినీ గదిలో ఉంచి మళ్ళీ కొలిస్తే, కొలతలు మారినవాళ్ళు చాలామందే తేలారు. గేట్ల దగ్గర గేదెల ఆట ఎత్తేశారు, ఊదే గొట్టాలు వచ్చాయి. బస్సుల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పైడిరాజు ఉద్యోగం పోయింది. వాడు టైర్ల షాపులో పంక్చర్లు వేసే పనిలో చేరాడని హైమావతికి వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఫోను చేస్తే నూకరత్నం ఎత్తేది కాదు. తాగుతున్నాడో, మానేశాడో తెలియదు. ఆ ఒక్క సంగతీ తెలిస్తే చాలనుకునేది ఆవిడ. ఎవరిని అడగడానికీ మొహం చెల్లేది కాదు.

వానాకాలం వెళ్ళిపోయింది. ప్రయోగశాలలో ఆ విభాగాన్ని మూసేస్తున్నారు. ఒక మధ్యాహ్నం హైమావతి, ఫయాజ్ యంత్రాలకు తీగలు పీకి పెట్టెల్లో పెడుతుంటే పైడిరాజు వచ్చాడు. చిక్కిపోయాడు. కళ్ళలో పచ్చదనం లేదు. గోళ్ళ సందుల్లో నలుపు. ఆవిడ చేతిలోని పెట్టె కింద పెట్టి, రా కూర్చో అంది. వాడు కూర్చోకుండా, ఇంకా విప్పని యంత్రం కేసి చూసి, ఒక్కపాలి ఆడతానన్నాడు.

ఫయాజ్ మెల్లగా బయటికి వెళ్ళిపోయాడు. పైడిరాజు తెర ముందు కూర్చున్నాడు. వాడి చెయ్యి నెమ్మదిగా ఉంది, కాస్త బెరుకుగా ఉంది. మలుపులో గేదెలు వస్తే ముందే చూసి బండి ఆపేశాడు. క్రేను నడిపిన దర్జా ఎక్కడా లేదు. ఎర్ర గొడుగు విచ్చుకుంది, మీట పడింది. ఇంకొకటి. ఇంకొకటి. హైమావతి ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. తెలిసిపోయింది ఆవిడకు. ఇన్ని నెలలుగా తెలియాలని ఏడ్చినది ఇప్పుడు తెలిసిపోయింది, అయినా పక్కకు చూడడానికి ధైర్యం చాలక తెర కేసే చూస్తూ నిలబడింది.

ఆట ముగిసింది. యంత్రంలో ఇంకా వాడి పాత కొలతే ఉంది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఈ చెయ్యి పైడిరాజుది కాదు.

ఆవిడ గబుక్కున ఆపేయబోయింది. వాడు మణికట్టు పట్టుకుని ఆపాడు.

“ఉండనీ అప్పా. అది అబద్దమాడనేదు. మీసం రానప్పుడు మొదలెట్టినాను. తాగనోడు ఎలగుంటాడో నాకూ తెల్దు. ఈడెవుడో కొత్తోడు. కోపమొత్తాది, ఊరకనే ఏడుపొత్తాది, గుంట నవ్వితే బయమేత్తాది. నూకరత్నం కూడా నన్నెవుడో సుట్టం వచ్చినట్టు సూత్తంది.” తెర కేసి ఒకసారి చూశాడు. “నీకూ కొత్తే కదా. మనిద్దరం అలవాటు పడదారి.”

హైమావతి తన మణికట్టు మీదున్న వాడి చేతిని పట్టుకుని వదల్లేదు. కిటికీ అవతల లారీ వచ్చి ఆగింది. పెట్టెలు ఎత్తడానికి మనుషులు మెట్లెక్కి వస్తున్నారు.